రెండు ముగింపులూ అబద్ధమే అనిపిస్తే

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. తిరుపతిలో ఉంటాం. నాన్నకు చిన్న వ్యాపారం. ఇంట్లో ఆయన మాటే మాట. నేను తెలుగు సాహిత్యం చదవాలనుకున్నాను, ఆయన బీకాం చదివించారు. సాయంత్రం ఆరు దాటితే ఫోను మీద ఫోను వస్తుంది. ఆ ఫోను కూడా ఆయన ఎప్పుడు అడిగితే అప్పుడు చేతికివ్వాలి. కొట్టరు, తిట్టరు. కోపం వస్తే మాట్లాడటం మానేస్తారు. నాకు భయం దానికే. ఏడాదిగా ఎవరికీ తెలియకుండా ఒక నవలిక రాస్తున్నాను. అందులో అమ్మాయికీ ఇలాంటి తండ్రే. రెండు ముగింపులు రాశాను. ఒకదానిలో ఆమె తండ్రిని నలుగురి ముందు నిలదీసి బస్టాండుకు వెళ్లి బెంగళూరు బస్సు ఎక్కుతుంది. రెండోదానిలో తండ్రి ప్రేమ అర్థమై ఏడ్చి, ఆయన చూసిన సంబంధానికి ఒప్పుకుంటుంది. మళ్లీ చదువుకుంటే రెండూ అబద్ధంలా ఉన్నాయి. ఇలాంటి తండ్రుల ముందు కథల్లో పిల్లలు ఎలా నిలబడ్డారు? ఇంకొకటి కూడా అడగాలి. నా కథలో పిల్ల చేసిన పని నేనెందుకు చేయలేకపోతున్నాను? నాన్న నాకు సంబంధాలు చూస్తున్నారు.
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మాయీ,

రెండు ముగింపులూ అబద్ధంలా ఉన్నాయని నీకు నువ్వే పసిగట్టావు. ఆ చెవి ఉన్నవాళ్లు కథ రాయగలరు. కాబట్టి ముందు కథ సంగతి మాట్లాడుకుందాం, నీ సంగతి తరువాత. అవి రెండూ అంత దూరంగా లేవని నీకూ తెలుసు.

మొదటి ముగింపులో నీ పిల్ల, తండ్రి చేసిన పనికి కోపం వచ్చి బస్సు ఎక్కుతున్నది. రెండోదానిలో తండ్రి మనసు తెలిసి కరిగి ఆగిపోతున్నది. వెళ్లినా ఉన్నా కారణం ఆయనే. ఆ పిల్లకు బెంగళూరులో ఏం పని? బస్సు దిగాక ఎటు నడవాలనుకుంటున్నది? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. నీకేమో సాహిత్యం చదవాలని ఉండేది, ఏడాదిగా చాటుమాటుగా రాస్తూనే ఉన్నావు. అంత పెద్ద కోరికను నీ దగ్గరే ఉంచేసుకుని, నీ పాత్రకు మాత్రం నాన్న మీద కోపం ఒక్కటే ఇచ్చావు. ముగింపు కుదరకపోవడానికి మూలం అక్కడే ఉందని నా అనుమానం.

తండ్రి అధికారానికి తల వంచని బిడ్డ అంటే మనకు మొదట గుర్తొచ్చేది ప్రహ్లాదుడు. చిన్నప్పటి నుంచి విన్న కథ కావడంతో దాన్ని శ్రద్ధగా చదవడం మానేశాం. పోతన భాగవతంలో సప్తమ స్కంధం తీసి మళ్లీ చదువు. హిరణ్యకశిపుడు కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావని ముద్దుగానే అడుగుతాడు. పిల్లవాడికి గొడవ పెట్టుకోవాలని లేదు. గురువులు చదివించారు, ధర్మార్థాల శాస్త్రాలు చదివాను, నేను చదివినవి ఇంకా ఎన్నో ఉన్నాయి, చదువులలో మర్మమంతా చదివాను తండ్రీ అంటాడు. చివరన ఉన్న ఆ ‘తండ్రీ’ని చూడు. ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా, విషం పెట్టించినా, కొండ మీది నుంచి తోయించినా అతని గొంతులో పగ పుట్టదు. నాన్నను ఓడించాలన్న పట్టుదల అతనిలో ఎక్కడా కనిపించదు. అతనికి కావలసింది వేరే ఉంది. అడిగితే దాని గురించి చెబుతాడు, అడగకపోతే దాని ధ్యాసలోనే ఉంటాడు. హిరణ్యకశిపుడికి మింగుడుపడనిది అదే. తన మీదికి వచ్చేవాడిని అణచడం ఆయనకు చేతనైన విద్య. తన వైపు చూడనే చూడని కొడుకును ఏం చేయాలో ఆయనకు తోచదు.

ఆ కథలోనే ఇంకొందరున్నారు, చండామార్కులు. నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. ఆ గురువుల దగ్గరకు వచ్చేసరికి నాకు మనసు బరువెక్కేది. పిల్లవాడి నోట హరి మాట వినగానే రాజు మొట్టమొదట విరుచుకుపడేది వాళ్ల మీదే. వాళ్లు గడగడలాడుతూ, మేము నేర్పలేదు మహాప్రభో అంటారు. తరువాత పిల్లవాడిని తీసుకుపోయి బెదిరిస్తారు. నీ నవలికలో చండామార్కులెవరు? ఆరు దాటాక పిల్ల ఎక్కడో కనబడిందని చెప్పే పక్కింటి పెద్దమనిషా, ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకనే మేనత్తా? ఏ తండ్రీ ఒంటరిగా ఇన్నేళ్లు కాపలా కాయలేడు. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక చెయ్యి వేస్తారు. వాళ్లను కూడా రాశావంటే బరువంతా ఒక్క తండ్రి మీదే పడకుండా ఉంటుంది, ఆయన కొంచెం మనిషిలా కనబడతాడు.

తల్లి సంగతి కూడా అడగాలి. ప్రహ్లాదుడికి ఆ మర్మం చెప్పింది చండామార్కులు కారు. తల్లి కడుపుతో ఉండి నారదుడి ఆశ్రమంలో తలదాచుకున్న రోజుల్లో, ఆయన ఆమెకు చెబుతుంటే లోపలి బిడ్డ విన్నాడు. చాలా కాలం గడిచాక తల్లి మరిచిపోయింది, తాను మరవలేదని ప్రహ్లాదుడే తోటి పిల్లలకు చెబుతాడు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో! నీ ఉత్తరంలో అమ్మ ప్రస్తావన లేదు. నీ నవలికలో అమ్మ ఉందా? ఉంటే ఏం మరిచిపోయింది?

ఇక మన ఊరి కథ. తాతయ్యగుంట గంగమ్మ జాతర నువ్వు చూసే ఉంటావు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఒక్కో రోజు ఒక్కో వేషంలో జనం గుడికి వెళతారు. ఆ వేషాల వెనుక పాలెగాడి కథ ఉంది. కంటికి నచ్చిన ఆడపిల్లనల్లా చెరబట్టే పాలెగాడు ఒకడు. వాడి కన్ను అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద పడింది. ఆమె అసలు రూపం చూసి వాడు పారిపోయి దాక్కున్నాడు. వాడిని వెతకడానికి ఆమె రోజుకొక వేషం వేసింది. బైరాగిలా తిరిగింది, బూతులు తిడుతూ తిరిగింది. వాడు బయటికి రాలేదు. చివరికి దొర వేషం వేసుకుని వస్తే, తనకంటే పెద్ద దొర ఎవరో వచ్చాడనుకుని బయటికి వచ్చాడు. అప్పుడు తల నరికింది.

మీ నాన్న పాలెగాడు కాడు, ఆ పోలిక నేను తేవడం లేదు. నీ రచనకు ఈ కథలో పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, అధికారం గలవాడు తిట్లకు కదలడు. తనకు అర్థమయ్యే వేషం ఎదుట నిలిస్తేనే కదులుతాడు. ఇంట్లో తండ్రికి అర్థమయ్యే ఆ దొర వేషం ఏమిటో ప్రతి పిల్లా ఎప్పుడో ఒకప్పుడు కనిపెడుతుంది. కొందరికి అది ఉద్యోగం, కొందరికి తండ్రి గౌరవించే ఒక పెద్దాయన మాట. రెండోది నాకు ఇంకా ఇష్టం. పాలెగాడిని చంపాక గంగమ్మ మాతంగి వేషంలో వెళ్లి వాడి ఇంటి ఆడవాళ్లను ఓదార్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. వాడు పోయాక వాడి భార్య ఏమవుతుందో ఆ కథ చెప్పిన జనం ఆలోచించారు. నీ మొదటి ముగింపులో పిల్ల బస్సు ఎక్కేసింది. ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం ఎవరు వండారు, ఎవరు తిన్నారు, తండ్రి మౌనాన్ని ఎవరు మోశారు? ఒక్క పేజీ దాని మీద రాసి చూడు.

నా సంగతి ఒకటి చెబుతాను. మాది చిత్తూరు. డిగ్రీ అయ్యాక తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎమ్మే చదవాలని నా ఆశ. ఆడపిల్లకు ఈ చదువు చాలన్నారు నాన్న. నేను ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ మాత్రం పీలేరులో ఉన్న తమ్ముడికి కార్డు ముక్క రాసింది. మామయ్య ఆదివారం వచ్చాడు. భోజనం చేశాడు, వేరుశనగ ధర గురించి, వానల గురించి మాట్లాడాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, “బావా, పాప దరఖాస్తు నేను పెట్టించాను. హాస్టలు ఖర్చు నాది” అన్నాడు. నాన్న లేచి లోపలికి వెళ్లిపోయారు. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. దసరా సెలవులకు ఇంటికి వస్తే బస్సు దిగే చోట నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు, నా చేతిలో సంచీ తీసుకుని ముందు నడిచారు. నా అంతట నేను ఆయనను అడగలేదే అన్న వెలితి నాకు చాలా ఏళ్లు ఉండేది. ఇప్పుడు లేదు. అమ్మ రాసిన ఆ కార్డు ముక్క కూడా ఎదిరించడమేనని ఆలస్యంగా తెలుసుకున్నాను.

కన్యాశుల్కం చదివినప్పుడు అందుకే నాకు కరటకశాస్త్రి అంటే ప్రత్యేకమైన అభిమానం. అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు కట్టబెట్టాలని చూస్తాడు. ఎవరు అడ్డు చెప్పినా ఆయనకు కోపమే తప్ప ఆలోచన రాదు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. అప్పుడు మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులుకు ఇచ్చి పెళ్లి చేయిస్తాడు. మళ్లీ వేషమే చూడు! 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకంలో తండ్రిని వాదనతో గెలిచినవాళ్లు లేరు. ఆ ఇంటి చుట్టూ ఉన్నవాళ్లు ఆయన పట్టుకు అందకుండా దారి తవ్వుకున్నారు. నీ నవలికలో ఇద్దరే ఉన్నారు, తండ్రీ కూతురూ. మన ఇళ్లలో ఇద్దరే ఉండరు.

అదే నాటకంలో ఆ ఇంటి పెద్దకూతురు, చిన్నప్పుడే భర్త పోయిన బుచ్చమ్మ కూడా ఉంది. ఆమె ఇల్లు దాటింది, కానీ మాయమాటల గిరీశాన్ని నమ్మి దాటింది. ఓల్గా ‘స్వేచ్ఛ’ నవలలో అరుణ పుట్టింటి ఆంక్షల నుంచి పెళ్లి విడిపిస్తుందని నమ్ముతుంది. ఆ పెళ్లిలోనూ అనుమతులు అడగవలసి వచ్చేసరికి ఆమె కథ అసలు మొదలవుతుంది. నీ పిల్లకు బెంగళూరులో ఒక పని ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఏ పనీ లేకుండా తండ్రి నుంచి పారిపోయేవాళ్లను దారిలో ఎవరో ఒకరు తమ బండి ఎక్కించుకుంటారు.

తండ్రి మాట విన్నవాళ్ల కథలు కూడా చదవాలి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, వంశ ప్రతిష్ఠ నిలపమన్న తండ్రి మాటను మోస్తూ ఆస్తి కరిగించుకుంటాడు, మనుషులకు దూరమవుతాడు, చివరికి తనను తానే నాశనం చేసుకుంటాడు. చనిపోయిన తండ్రితో వాదించడానికి కూడా వీలుండదు కదా. ఆ నవలను గోపీచంద్ అంకితమిచ్చింది ఎవరికో తెలుసా? ‘ఎందుకు’ అని ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి. పుస్తకం తెరవగానే ఒక తండ్రి, లోపలికి వెళితే మరొక తండ్రి. నీ రెండో ముగింపు రాసేటప్పుడు ఈ పుస్తకం పక్కన పెట్టుకో. తండ్రి ప్రేమ అర్థమైందని నీ పిల్ల ఏడ్చింది సరే. ఆ ప్రేమ ఆమెను ఒక్కసారైనా ‘నీకేం కావాలి’ అని అడిగిందా?

తండ్రికి కూడా ఒక కారణం ఇవ్వు. హిరణ్యకశిపుడికి ఉంది. తమ్ముడు హిరణ్యాక్షుడిని చంపినవాడినే కొడుకు దేవుడంటున్నాడు. ఆ గాయం తెలియకపోతే అతను ఉత్త రాక్షసుడే, తెలిస్తే దుఃఖంలో ఉన్న అన్న. నీ కథలో తండ్రి ఆరు దాటితే ఎందుకు అంత కంగారు పడతాడు? ఎప్పుడు ఎవరిని పోగొట్టుకున్నాడు? కారణం ఇచ్చినంత మాత్రాన ఆయన చేసినది ఒప్పయిపోదు. నువ్వు ఆయనను క్షమించాల్సిన పని కూడా లేదు. ఆయన మాట్లాడినప్పుడు మాట ఆయనదిగా వినబడుతుంది, అంతే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. కథలో పిల్ల చేసినది నువ్వెందుకు చేయలేకపోతున్నావని. ఆమె నిలదీసినప్పుడు తండ్రి ఏం జవాబు చెప్పాలో కూడా నువ్వే రాశావు. బొమ్మరిల్లు లాంటి సినిమాలో కొడుకు గుండె బద్దలయ్యేలా మాట్లాడితే తండ్రి విని కరుగుతాడు. ఇద్దరి మాటలూ ఒకే చేతి రాత కాబట్టి అలా కుదురుతుంది. నీ ఇంట్లో ఆయన జవాబు నీ చేతిలో లేదు. నలుగురి ముందు నిలదీయలేకపోవడాన్ని పిరికితనం అనుకోకు. కాఫ్కా 36 ఏళ్ల వయసులో, 1919లో, తన తండ్రికి భయపడిన కథంతా ఒక పెద్ద ఉత్తరంగా రాసి తల్లి చేతికిచ్చాడు. ఆమె దాన్ని తండ్రికి ఇవ్వలేదు. అంతటి రచయితకూ నోరు పెగలలేదు. కానీ తండ్రి చదవని ఆ ఉత్తరాన్ని లోకం చదివింది.

మాట్లాడటం మానేస్తారని నీ భయం. అది చిన్న భయం కాదు. కఠోపనిషత్తులో నచికేతుడికి కూడా అదే. యజ్ఞంలో తండ్రి వట్టిపోయిన ముసలి ఆవులను దానం ఇస్తుంటే చూడలేక, నన్నెవరికి ఇస్తావని మూడుసార్లు అడిగాడు. నిన్ను మృత్యువుకు ఇస్తున్నానన్నాడు తండ్రి. యముడు మూడు వరాలిస్తానంటే ఆ పిల్లవాడు చావు రహస్యం ఆఖరున అడిగాడు. మొదట అడిగింది, నాన్న కోపం పోవాలి, నేను తిరిగి వెళ్లినప్పుడు నన్ను గుర్తుపట్టి మాట్లాడాలి అని. అడగవలసిన ప్రశ్న మాత్రం అడగకుండా ఉండలేదు. నాన్న మాటల కోసం తపించడం, ఆయనను ప్రశ్నించడం ఒకే పిల్లవాడిలో ఉండవచ్చునని ఆ కథ చెప్పినవాళ్లకు తెలుసు. నీ నవలికలో ఆ రెండూ ఒకే సన్నివేశంలో పెట్టి చూడు. అది నువ్వు రాయగలవు, ఎందుకంటే నీకు తెలుసు.

ఎప్పుడైనా కొండకు వెళ్లినప్పుడు వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం చేసే ఉంటావు. మీ నాన్న కూడా ఆ పంక్తిలో కూర్చునే ఉంటారు. ఆమె మన తరిగొండ ఆడపడుచు, పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి. చిన్నతనంలోనే భర్త పోతే, జుట్టు తీయించుకోమని పెద్దలు ఎంత ఒత్తిడి చేసినా ఆమె ఒప్పుకోలేదని కథలుగా చెప్పుకుంటారు. ఊరు ఊరుకోలేదు. ఆమె కొండకు చేరింది, వేంకటాచల మాహాత్మ్యం రాసింది, ఇంకా ఎన్నో రాసింది. ఈనాటికీ ఏకాంత సేవలో ఆమె పేర ముత్యాల హారతి ఇస్తారు. ఆమె కథలో నన్ను పట్టుకున్నది జుట్టు దగ్గరి పట్టుదల కంటే, ఆ తరువాత దశాబ్దాల పాటు ఆగకుండా రాసిన రాత.

నీ పెళ్లి విషయంలో ఇది కథ కాదు కాబట్టి సూటిగా చెబుతాను. నీకు 22 ఏళ్లు. నీ ఇష్టం లేకుండా నీ పెళ్లి చేసే హక్కు చట్టప్రకారం ఎవరికీ లేదు, కన్నతండ్రికీ లేదు. నిలదీయవద్దు. సంబంధం ఖాయమయ్యే దాకా ఆగవద్దు. ముందే ఒక్క వాక్యం చెప్పు: “నాన్నా, నేను ఎమ్మే చదవాలి, రెండేళ్లు ఆగండి.” అంతకు మించి వాదించకు. ఆయన మౌనంగా ఉంటే ఉండనివ్వు. మరుసటి వారం అదే వాక్యం అదే గొంతుతో మళ్లీ చెప్పు. ఆయన గౌరవించే ఒక మనిషికి ముందే తెలియజేయి. నీ బీకాంతో ఇక్కడే చిన్నదైనా ఒక ఉద్యోగం చూసుకో, జీతం నీ ఖాతాలోనే పడాలి. నీ సర్టిఫికెట్లు, ఆధార్ నీ దగ్గర ఉంచుకో. ఎప్పుడైనా బంధించినా, చెయ్యి చేసుకున్నా, బలవంతంగా పెళ్లి పీటల మీద కూర్చోబెట్టాలని చూసినా 181కి గానీ 112కి గానీ ఫోను చేయి. అప్పుడు ఆయన మంచితనం గురించి తర్కించుకుంటూ కూర్చోకు.

నవలికను ఇంట్లో దాచవద్దు. నమ్మకమైన స్నేహితురాలి దగ్గర ఒక ప్రతి ఉంచు.

మూడో ముగింపు రాసే ముందు ఒక పని చేయి. అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు, పెళ్లికి ముందు ఆమె ఏం చదవాలనుకున్నదో, ఏం చేయాలనుకున్నదో అడుగు. మొదట ఏమీ లేదంటుంది. కాసేపు కూర్చో. ఆమె చెప్పినది చెప్పినట్టు రాసుకుని, దాన్ని నీ పిల్లకు బస్టాండులో గుర్తుకు వచ్చేలా పెట్టి ఆ సన్నివేశం నాకు పంపు. బస్సు ఎక్కిందో లేదో నాకు అప్పుడు చెబుదువుగాని.